మేకుకు వేలాడిన కాగితం

రెబెకా ఆ గదిలోకి వచ్చింది పాత ప్రోగ్రాంకు రోగం కుదర్చడానికే తప్ప పగ తీర్చుకోవడానికి కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. పగ ఆ గదిలోనే, గోడకు వేలాడుతూ, తొమ్మిదేళ్లుగా ఆమె కోసం కాచుకొని ఉంది.

చిత్తూరు దాటి బంగారుపాళ్యం వైపు పోతే రోడ్డు పక్కనే శకుంతలమ్మ గారి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. జూన్ నెల కావడంతో కాయల ట్రాక్టర్లు గేటు నుంచి కల్వర్టు దాకా బారులు తీరి ఉన్నాయి. వాటి కింద నీడలో డ్రైవర్లు పేకాడుకుంటున్నారు. రోడ్డంతా తీపి కంపు. రెబెకాకు ఇరవయ్యేడేళ్లు. తిరుపతిలో కొర్లగుంట వైపు ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తుంది. కొత్త కంప్యూటర్ల మీద పాత ప్రోగ్రాములు మొరాయిస్తే బాగుచేయడం ఆమె పని. ఈ పని వచ్చినప్పుడు ఇది నాయన ఒకప్పుడు పనిచేసిన ఫ్యాక్టరీ అని ఆమెకు తెలుసు. తెలిసీ ఒప్పుకుంది. నాయన ఆరోగ్యం బాగాలేక మానేశాడని ఇంట్లో అందరూ అనుకునేవాళ్లు. అందులో దాచవలసింది ఏముందిలే అనుకుంది.

గుజ్జును ఆవిరితో కాచి, పురుగూ పుట్రా లేకుండా చేసి, డబ్బాలకెత్తే గది అది. గదిలో ఒక కంప్యూటర్ తెర, దాని పక్కన అరచేతి వెడల్పు పచ్చ బటన్, ముందొక కుర్చీ. కుర్చీలో అమల అనే ఆపరేటర్ కూర్చుని ఉంది. రెండు నిమిషాలకోసారి తెర మీద ‘మేలుకొని ఉన్నారా?’ అని వస్తుంది. అమల పచ్చ బటన్ నొక్కుతుంది. నొక్కకపోతే గంట మోగుతుంది. పొద్దున ఆరు నుంచి ఇదే పని. ఆమె తలకు సరిగ్గా పైన మేకుకు లామినేషన్ చేసిన కాగితం ఒకటి వేలాడుతోంది.

రెబెకా ఊరికే చదివింది.

‘ఏబెల్ అనే నేను 17-6-2016 శుక్రవారం నాడు డ్యూటీలో నిద్రపోయినాను. నా నిద్ర వలన రెండు వేల డబ్బాల గుజ్జు పాడైనది. ఈ తప్పు నాదే.’ కింద సంతకం. సంతకం కింద ఎవరో ఎర్ర అక్షరాలతో ‘నిద్రపోతే ఇదే గతి’ అని అచ్చు కొట్టించారు.

గుండ్రటి అక్షరాలు, కొంచెం వంకీ తిరిగిన తలకట్లు. ఆమె స్కూలు పుస్తకాలన్నింటికీ అట్ట వేసి, పేరు రాసి ఇచ్చిన చెయ్యి అది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినా తన రాత మటుకు అచ్చు మాదిరి ఉంటుందని నాయన ఏబెల్‌కు మురిపెం. ఆ మురిపెంగా రాసే చేతితోనే ఇది రాయించారు.

ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరికీ అంతుపట్టని సంగతి ఒకటుంది. ఫ్యాక్టరీ మానేసిన నాటి నుంచి నాయన పగటిపూట కుర్చీలో కూర్చోడు. పలమనేరు పాలకేంద్రంలో క్యాన్లు కడిగే పనిలో చేరాడు, అదీ నిలబడే. చర్చిలో ప్రసంగం గంటన్నర సాగినా వెనక గోడ దగ్గర నిలబడే వింటాడు. మొలలేమోనని అమ్మ ఎస్తేరు నాటుమందు కూడా తెచ్చింది. ఆ మనిషి అదీ నిలబడే తాగాడు. కూర్చుంటే నిద్రపోతానేమోనన్న భయమని ఎవరికి తోస్తుంది? రెబెకాకు ఇప్పుడు తోచింది. తోచిన మరుక్షణమే ఈ కాగితం రాయించిన వాడెవడో తెలుసుకోవాలనిపించింది.

అంత శ్రమ పడనక్కర్లేకుండా వాడే వచ్చాడు.

“సూసినావా మా ఆ కాగితం?” అన్నాడు మేనేజర్ మునిచంద్ర, నడుం మీద చేతులు పెట్టుకుని. “నా ఐడియానే అది. అది తగిలించినాక ఈ గదిలో ఒక్కరు కన్ను మూసింది లేదు.”

“ఎవరు సార్ ఆయన?” అంది రెబెకా.

“ఏబెల్ అని ఒకడుండె. నిద్రమొగమోడు. ఈ కంప్యూటర్ పెట్టించిన ఏడే ఆగం చేసేసినాడు. తెర ఆగిపొయ్యి ఇరవై నిమిషాలైనా సూసుకోలేదు. ఆవిరి చాల్లేదు, మూడో రోజుకు డబ్బాలు పూరీల మాదిరి ఉబ్బిపోయినాయి. ఆ రెండు వేల డబ్బాలూ వాని చేతనే గుంతలో పూడ్పించినా, అందరూ సూస్తా ఉండంగా. బంగారుపాళ్యం నుంచి పుత్తూరు దాకా ఏ గుజ్జు ఫ్యాక్టరీలోనూ వానికి పని లేకుండా చెప్పి పెట్టినా.”

అమల తల దించుకుని బటన్ నొక్కింది. రెబెకా బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. ఇప్పుడు ఏమీ అనకూడదని, ఎంత మింగాల్సి వస్తే అంతా మింగాలని అప్పుడే నిశ్చయించుకుంది. దెబ్బ గట్టిగా తగలాలంటే చెయ్యి బాగా వెనక్కి లాగాలి.

జబ్బు ఏమిటంటే, ఈ ప్రోగ్రాం ఈ సీజన్‌లో అప్పుడే రెండుసార్లు పని మధ్యలో చచ్చిపోయింది. గుజ్జు కొనే విదేశీ కంపెనీ వాళ్లు, ఎందుకు చచ్చిందో రాతపూర్వకంగా చెబితే తప్ప సరుకు తీసుకునేది లేదన్నారు. ఏ ప్రోగ్రాం అయినా హఠాత్తుగా చస్తే, ఆ క్షణాన దాని మెమరీలో ఉన్నదంతా ఒక ఫైల్లోకి ఎత్తి దాచిపెట్టడం కంప్యూటర్ లోపల అన్ని ప్రోగ్రాములనూ నడిపించే కెర్నల్ చేసే పని. ఆ ఫైలును డంప్ అంటారు. చనిపోయే మనిషి దగ్గర మేజిస్ట్రేటు తీసుకునే మరణ వాంగ్మూలం లాంటిది. చివరికి ఏం చూసింది, ఏ లెక్క వేయబోతూ కుప్పకూలింది, అన్నీ అందులో ఉంటాయి. ఇక్కడ రెండుసార్లూ డంప్ అయితే రాసింది కానీ, దాన్ని తెరవబోతే ‘ఇది డంప్ కాదు’ అంటోంది.

ప్రోగ్రాం ఇరవయ్యేళ్ల నాటిది. దాని లెక్కలన్నీ పాత చిన్న కొలతల్లో ఉంటాయి. కెర్నల్ కొత్తది, దాని కొలతలు పెద్దవి. పాత ప్రోగ్రాం చచ్చినప్పుడు కెర్నల్ దాని కొలతల్లోనే వాంగ్మూలం రాయాలి. ఎక్కడో తన కొలత వాడేసినట్టుంది. పడితో కొలిచే అంగట్లో లీటరు డబ్బాతో పోసినట్టు అన్నమాట. సరుకంతా ఉంటుంది, లెక్క మాత్రం కలవదు.

ఆ సాయంత్రం మునిచంద్ర ఆమెను వరండాలోకి పిలిచాడు.

“ఒక మాట మా. ఆ ఫైలు రాసే పనే మాన్పించేస్తే పోలా? చచ్చినోళ్ల మాటలు మనకెందుకు? చస్తే మళ్లీ లేపుకుంటాం. ఆ ఫారిన్ వాళ్లకు ఏదో ఒకటి రాసి పడేద్దాం.”

అది ఒక్క లైను పని. ఒకచోట సున్నా పెడితే కెర్నల్ ఇక ఎవరి వాంగ్మూలమూ రాయదు. ఆ సంగతి తెలిసిన మేనేజర్లు అరుదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే ఈయన ఎందుకు తడుముకుంటున్నాడో రెబెకాకు అర్థం కాలేదు. కానీ తడుముకోవడం మాత్రం చూసింది.

“శకుంతలమ్మ గారు ఆ ఫైలు చదివి చెప్పాల్సిందేనన్నారు సార్,” అంది.

“అమ్మగారికేం తెలస్తాది కంప్యూటర్?”

“నాకు తెలుసు కద సార్.”

రోజూ పొద్దున తిరుపతిలో బస్సెక్కి, సాయంత్రం తిరుగు బస్సులో పోతూ, మూడు రోజులు కెర్నల్ లోపల వెతికింది. గదిలోకి వచ్చినప్పుడల్లా ముందు గోడ మీది కాగితం చదివేది. మరిచిపోతానని కాదు. కోపం చల్లారకుండా ఉండాలని. గురువారం మధ్యాహ్నం దొరికింది. ప్రోగ్రాం చచ్చే క్షణాన ప్రాసెసర్ చేతిలో ఉన్న అంకెలు ఒక పట్టీలో రాస్తుంది కెర్నల్. పాత ప్రోగ్రాంకు ఆ పట్టీ అరవై ఎనిమిది బైట్లు. కెర్నల్ అరవై ఎనిమిదే రాసి, పైన శీర్షికలో మాత్రం రెండువందల పదహారు అని చెబుతోంది. చదివే పనిముట్టు ఆ మాట నమ్మి, అంత దూరం దూకి, లేనిపోని చోట వెతికి, ఇది డంప్ కాదని చేతులెత్తేస్తోంది. ఈ కంప్యూటర్లు అమర్చిన కంపెనీ తమ అవసరానికి కెర్నల్‌ను కత్తిరించి కుట్టినప్పుడు ఎవడో చేసిన తప్పు అది. వాడికి పాత ప్రోగ్రాములు గుర్తే రాలేదు. మూడు రోజుల వెతుకులాటకు మందు రెండు లైన్లు.

చిన్న పాతకాలపు ప్రోగ్రాం ఒకటి రాసి, కావాలనే చంపి చూసింది. వాంగ్మూలం అక్షరం పొల్లుపోకుండా చదవగలిగింది. ఆ సాయంత్రం లైను కడిగేందుకు ఆపినప్పుడు కొత్త కెర్నల్ ఎక్కించింది. ఇక అది మళ్లీ చావాలి. ప్రోగ్రాం బతకాలని కోరుకోవాల్సిన మనిషి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అది చావాలని ప్రార్థన చేసుకుంది.

శుక్రవారం పొద్దున తెర మీద ప్రశ్న వచ్చింది. అమల బటన్ నొక్కింది. తెర బిగుసుకుపోయింది. వేడి అంకె అక్కడే నిలబడిపోయింది. గోడ గడియారంలో పది నలభై నాలుగు.

“చచ్చింది మేడం,” అంటూ అమల వాల్వు చేత్తో మూసి, లైను ఆపింది.

మునిచంద్ర పరుగున వచ్చాడు. వచ్చేటప్పుడే చేతిలో తెల్ల కాగితం, పెన్ను ఉన్నాయి. ఇంత తొందరగా కాగితం యాడ దొరికిందని రెబెకాకు అప్పుడే అనుమానం వచ్చింది.

“నిద్రపోయినావు గదా? రాయి.”

“లేదు సార్, నేను నొక్కినా…”

“ఆ పైన సూడు, అట్లనే రాయి.”

అమల కళ్లనీళ్లతో పెన్ను పట్టుకుంది. రెబెకా ఆ కాగితం, పెన్ను ఆమె దగ్గర నుంచి మెల్లగా తీసుకుని తన పుస్తకంలో పెట్టుకుంది.

“కారణం రేపటికి నేను రాసిస్తా సార్. అంతదాకా ఎవరి చేతా ఏమీ రాయించొద్దు. ఫారిన్ వాళ్లు రెండు కారణాలు చూస్తే రెండూ నమ్మరు.”

ఆ మాటకు అతను తగ్గాడు. అతను పోయాక డంప్ తెరిచింది. ఈసారి తెరుచుకుంది. ప్రోగ్రాం ఎక్కడ చచ్చిందంటే, బటన్‌కూ బటన్‌కూ మధ్య ఎన్ని నిమిషాలు గడిచాయో లెక్కవేసే చోట. ముందు నొక్కిన టైము పది నలభై రెండు. ఇప్పుడు నొక్కిన టైము తొమ్మిది పద్నాలుగు. తేడా మైనస్ ఎనభై ఎనిమిది నిమిషాలు. కాలం ముందుకే నడుస్తుందని నమ్మి రాసిన ప్రోగ్రాం అది, పాపం. వెనక్కి నడిచేసరికి ఏ గడిలో వేయాలో తెలియక లేని గడిలో కాలు పెట్టి చచ్చింది.

రెబెకా తెర మూలకు చూసింది. కంప్యూటర్ గడియారం తొమ్మిదీ ఇరవై. గోడ మీద పది యాభై.

“అమలా, ఈ టైము ఎవరు తిప్పుతారు?”

అమల తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “సార్ వాళ్ల రూములోంచే తిప్పతారు మేడం. అమ్మగారు రోజూ సాయంత్రం పంచాంగం ఒళ్లో పెట్టుకోని, ఏ లైను ఎన్ని గంటలకు మొదలయ్యిందో చూస్తారు. రాహుకాలంలో మొదలైతే ఒప్పుకోరు. శుక్రవారం పదిన్నర నించి పన్నెండు రాహుకాలం గదా. బయట కాయలు మగ్గిపోతా ఉంటాయి, ఆగేదానికి ల్యా. అందుకని గంటన్నర వెనక్కి తిప్పి, తొమ్మిదికే మొదలైనట్టు రాయిస్తారు. సాయంత్రం మళ్లీ సరిచేస్తారు. లైను ఆగినప్పుడు తిప్పితే ఏమీ కాదు. ఈ ఏడు రెండో లైను పెట్టినాక ఒకటి నడస్తా ఉండంగానే ఇంకొకటి మొదలుపెట్టల్సి వస్తా ఉంది.”

అది విని రెబెకా లేచి నిలబడింది. 2016 జూన్ 17 శుక్రవారం. నాయన చేత రాయించిన తేదీ.

ఎవరికీ అర్థంకానిదాన్ని ఎవరూ చెరపరు. ప్రోగ్రాం ఫోల్డర్ అట్టడుగున, తొమ్మిదేళ్ల దుమ్ము కింద, ఆనాటి డంప్ ఉంది. కంప్యూటర్లు మారినా ఫోల్డర్‌ను ఎత్తి ఎత్తి పెట్టారు. దానికీ అదే జబ్బు, శీర్షికలో అబద్ధం, లోపల నిజం. గంటలో దాన్ని సరిచేసే చిన్న పనిముట్టు రాసింది.

చివరి ఎనిమిదిసార్లు బటన్ నొక్కిన టైములు వరసగా వచ్చాయి. పదీ ఇరవయ్యేడు, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ముప్పై మూడు, ముప్పై అయిదు, ముప్పై ఏడు, ముప్పై తొమ్మిది. ఎనిమిదోది తొమ్మిదీ పదకొండు. మొద్దునిద్రలో ఉన్న మనిషి రెండేసి నిమిషాలకోసారి బటన్ నొక్కడు. ఆ ఎనిమిదో నొక్కుకే ప్రోగ్రాం చచ్చింది. అంటే నాయన మేలుకొని ఉన్నాడు కాబట్టే చచ్చింది. నిజంగా నిద్రపోయి బటన్ నొక్కకుండా ఉంటే అప్పటికి అది బతికేది. తెర బిగుసుకున్నాక ప్రశ్న రాలేదు, గంట మోగలేదు, వేడి అంకె కదలకుండా మంచిగానే కనబడింది. ప్రశ్న రాకపోతే మనిషి ఎవరికి జవాబు చెబుతాడు?

రెబెకా ఏడ్చింది. దుఃఖంతో కాదు, పళ్లు బిగబట్టి, పిడికిలితో బల్ల మీద గుద్దుతూ ఏడ్చింది. అమల ఆమె వీపు మీద చెయ్యి వేసి, రెండో చేత్తో బటన్ నొక్కింది.

శనివారం పొద్దున శకుంతలమ్మ గదిలో రెబెకా రెండు వాంగ్మూలాలూ అచ్చు తీసి బల్ల మీద పెట్టింది. శకుంతలమ్మకు డెబ్బయ్యేళ్లు. పెనిమిటి పోయాక ఫ్యాక్టరీని ఒంటిచేత్తో నడిపిన మనిషి. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, రెబెకా వేలు పెట్టి చూపించిన చోటల్లా చదివింది. మునిచంద్ర తలుపు దగ్గర నిలబడ్డాడు.

“అంటే, నా ఫ్యాక్టరీలో రాహుకాలంలోనే లైన్లు మొదలైనాయా?” అంది ముసలామె.

అదీ ఆమెకు ముందు తగిలిన దెబ్బ. పని పోగొట్టుకున్న మనిషి తర్వాత గుర్తుకొచ్చాడు. పెద్దవాళ్ల బాధలు వాళ్లకుంటాయి మరి.

“ఎన్నేండ్లుగా మునిచంద్రా?”

“అమ్మా… కాయలు మగ్గిపోతాయని… ఈ కంప్యూటర్ పెట్టినప్పటి నించి, తొమ్మిదేండ్లు…”

“తొమ్మిదేండ్లు రాహుకాలంలోనే మొదలైనా రాహువు ఏమీ అనలేదమ్మా,” అంది రెబెకా. “ఈయన కాలాన్ని వెనక్కి తిప్పిన దానికే డబ్బాలు ఉబ్బినాయి.”

శకుంతలమ్మ పంచాంగం మూసి పక్కన పెట్టింది. “2016లో నీకు తెలుసునా, గడియారం వల్లనే చచ్చిందని?”

మునిచంద్రకు దొంగకు తేలు కుట్టినట్టయింది. అరవలేడు, ఊరుకోలేడు. “ఆ పొద్దు లైను ఆపకుండానే ఇంకో లోడు మొదలుపెట్టి తిప్పినా. తిప్పంగానే తెర బిగుసుకొనింది. అప్పుడే అనుమానం వచ్చినాదమ్మా. కానీ మీరు కారణం అడగతా ఉంటిరి. ఎవురో ఒకరి పేరు చెప్పల్ల గదా.”

శకుంతలమ్మ 2016 నాటి అచ్చు కాగితం మళ్లీ చేతికి తీసుకుంది.

“ఆ ఏబెల్ ఇప్పుడు యాడుండాడు?” అంది శకుంతలమ్మ.

“వాడు యాడో పోయుంటాడమ్మా…”

“పలమనేరులో,” అంది రెబెకా. “పాలకేంద్రంలో క్యాన్లు కడగతా ఉండాడు. తొమ్మిదేండ్లుగా పగలు కుర్చీలో కూర్చోలేదు. ఆయన మా నాయన.”

శకుంతలమ్మ కళ్లజోడు తీసేసింది.

“ముందే చెప్పలేదేం పాపా?”

“చెప్పుంటే ఈయన నన్ను గేటు దాటనిచ్చేవాడా అమ్మా?”

“రేపటి నించి వాడు ఈ గేటు దాటడులే. తీసేస్తా.”

“వద్దమ్మా, తీసేయొద్దు.” రెబెకా గొంతు చల్లగా ఉంది. ఆ చల్లదనం ఆమెకే కొత్త. “తీసేస్తే ఇంకో ఫ్యాక్టరీకి పొయ్యి ఇంకొకరి చేత రాయిస్తాడు. ఈడనే ఉండాల. ఆ గదిలోకే రోజూ రావాల. వచ్చినప్పుడల్లా సూడాల.”

పుస్తకంలోంచి నిన్నటి తెల్ల కాగితం, పెన్ను తీసి మునిచంద్ర ముందు పెట్టింది. అమల కోసం ఆయన తెచ్చిన కాగితమే, ఆయన తెచ్చిన పెన్నే.

“రాయండి సార్.”

“అమ్మా, నాకు పిల్లలుండారు…”

“మా నాయనకు లేరా?”

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు. మునిచంద్ర రాశాడు. మొదటిసారి ‘పొరపాటున గడియారం తిప్పినాను’ అని రాశాడు. రెబెకా చదివి కాగితం తిరగేసింది. “పొరపాటున అనే మాట మా నాయన కాగితంలో ల్యా. తీసేయండి.” రెండోసారి ఏబెల్ పేరు లేకుండా రాశాడు. శకుంతలమ్మే దాన్ని చించి పారేసి ఇంకో కాగితం ఇచ్చింది. మూడోసారికి సరిపోయింది.

‘మునిచంద్ర అనే నేను 17-6-2016 శుక్రవారం నాడు కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పినాను. దాని వలన రెండు వేల డబ్బాల గుజ్జు పాడైనది. ఏబెల్ నిద్రపోలేదు. తెలిసి ఆయన మీద వేసినాను. ఈ తప్పు నాదే.’

రాత కోడి కెలికినట్టుంది. నాయన రాతతో పోల్చుకుని రెబెకాకు అందులోనూ ఒక తృప్తి కలిగింది. అంత చిన్నదానికి సంతోషపడుతున్నందుకు సిగ్గుపడలేదు.

“ఇంకొకటుందమ్మా. మా నాయనను పిలిచేదానికి ఈయనే రావాల.”

ఆదివారం ప్రార్థన అయ్యాక పలమనేరు పాలకేంద్రం ముందు ఫ్యాక్టరీ జీపు ఆగింది. ఏబెల్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నిలబడి క్యాన్లు తోముతున్నాడు. రెబెకా ఒక్కతే ముందు లోపలికి పోయి జరిగిందంతా చెప్పింది. పీచు చేతిలో పట్టుకునే విన్నాడు. అయిపోయాక ఒకే ఒక మాట అడిగాడు.

“నేను నొక్కినట్టు రాసుండాదా పాపా?”

“ఎనిమిదిసార్లు నాయనా. టైముతో సహా.”

“ముందు రోజు రాత్రి నీకు జరం. తెల్లార్లూ మేలుకోనే ఉంటి. అందరూ నిద్రపోయినావు, నిద్రపోయినావు అంటా ఉంటే, పోయినానేమోలే అనుకొంటి. నాకే నా మీద నమ్మకం ల్యాకపాయె.” పీచును బకెట్లో వేశాడు. “నిద్ర పొయ్యుండన్లే పాపా నేను. నిజంగా నొక్కినానా?”

“నొక్కినావు నాయనా.”

అప్పుడు మునిచంద్ర వచ్చాడు. తల వంచుకుని, చేతులు జోడించి, “ఏబెలప్పా, రేపు ఫ్యాక్టరీకి ఒకసారి రావల్ల,” అన్నాడు. నిద్రమొగమోడు వారం తిరక్కముందే ఏబెలప్ప అయ్యాడు. ఏబెల్ ఆయన వంక చూడనైనా చూడలేదు. తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, “పది గంటలకు వస్తా, క్యాన్లు కడిగేసి,” అని కూతురితో చెప్పాడు.

సోమవారం పదికి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏబెల్ వచ్చాడు. గేటు దగ్గరి పాత మనుషులు లేచి నిలబడ్డారు. కంప్యూటర్ గడియారానికి రెబెకా ఉదయమే తాళం వేసేసింది, ఇక దాన్ని ఏ రూములోంచీ ఎవరూ తిప్పలేరు. శకుంతలమ్మ రాహుకాలంలో లైన్లు నిజంగానే ఆపాలని ఉత్తరువు వేసింది. బయట ట్రాక్టర్ల డ్రైవర్లు రాహువును తిట్టుకుంటున్నారు. అది వాళ్ల తిప్పలు.

గదిలో అదే ఆవిరి, అదే తీపి వాసన. మేకుకు ఇప్పుడు మునిచంద్ర కాగితం ఉంది, దానికీ లామినేషన్ చేయించారు. ఏబెల్ పెదాలు కదుపుతూ దాన్ని చదివాడు. మొదటి నుంచి మళ్లీ చదివాడు. ‘ఏబెల్ నిద్రపోలేదు’ అన్న చోట వేలు పెట్టి కొంతసేపు ఉంచాడు. అమల లేచి కుర్చీ తుడిచింది.

“కూర్చో పెద్దాయనా.”

ఆయన కుర్చీ వంక చూశాడు. కూతురి వంక చూశాడు. మెల్లగా అంచు మీద కూర్చున్నాడు. తెర మీద ప్రశ్న వచ్చింది, ‘మేలుకొని ఉన్నారా?’ ఏబెల్ అరచెయ్యి పెట్టి పచ్చ బటన్ నొక్కాడు. తర్వాత వెనక్కి జరిగి వీపు ఆనించాడు. రెబెకా ఆయన పాత కాగితం ఆయన ఒళ్లో పెట్టింది. దాని మీద చేతులు పెట్టుకుని, అలాగే తల వాల్చి, రెండు నిమిషాలు తిరక్కముందే నిద్రపోయాడు. నోరు కాస్త తెరుచుకుంది, గురక మొదలైంది.

తర్వాతి ప్రశ్నకు అమల ఆయన భుజం మీదుగా వంగి బటన్ నొక్కింది. శకుంతలమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి పోయింది. మునిచంద్ర లోపలికి వచ్చి, తన కాగితం కింద ఏం చేయాలో తెలియక అటూ ఇటూ చూశాడు. గదిలో కుర్చీ ఒక్కటే.

“లేపమంటావా మా?” అన్నాడు మెల్లగా.

“వద్దు,” అంది రెబెకా. “నిలబడండి సార్.”

మునిచంద్ర నిలబడ్డాడు. ఏబెల్ గురక పన్నెండు దాకా వినిపిస్తూనే ఉంది.